కూర లేని కేరేజీ

రాజీ అయిపోయిందని ఎర్రన్న ఇంటికొచ్చి చెప్పేసరికి బుల్లమ్మ అరుగు మీద చేట పెట్టుకుని ఎండు నెత్తళ్ల చేపల్లో ఇసక ఏరుతోంది. చేట పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. రాజీ చేసుకొచ్చినవాడి మొహంలా లేదది. మోకాలు పోటెత్తినవాడి మొహంలా ఉంది.

"ఏటయ్యింది?" అని మళ్లీ అడిగింది.

"రాజీ అయిపోనాదే అంతన్నాను కదా. పెద్దలు ఇద్దర్నీ కూకోబెట్టేరు. తెగిపోయిన వల నష్టం రెండిళ్లూ సెరిసగం మొయ్యాల. ఏట తెరిసిన రోజు నించీ ఇద్దరూ ఎప్పట్లాగే ఒక తెప్ప మీద ఎల్లాల. మళ్లీ ఆ ఊసు ఎవడూ ఎత్తకూడదు. అందరి ముందరా సేతులు కలిపించేరు."

"కలిపేరా, కలిపించేరా?"

ఎర్రన్న గోడకి చేరబడి కాలు చాపుకున్నాడు. "నీతో ఇదేనే. మంచి కబురు తెచ్చినా దాన్ని సేపలాగ ఇప్పి ముల్లెక్కడుందో ఎతుకుతావు."

"ఒకడి మొకం ఒకడు సూసుకున్నారా మావా?"

"నేదు."

"మాటాడుకున్నారా?"

"పెద్దలు మాటాడతన్నారు కదే. ఆ మద్దిన ఈలు మాటాడ్డానికి సందెక్కడిది?"

బుల్లమ్మ మళ్లీ చేట అందుకుంది గానీ నెత్తళ్లేవో ఇసకేదో ఆవిడ కంటికి ఆనలేదు.

ఆ తెప్ప ఒక ఇంటిది కాదు. బుల్లమ్మ అన్న నరసింగరావూ, మొగుడు ఎర్రన్నా పొత్తు మీద కొన్న చిన్న ఫైబరు తెప్ప. ఇద్దరు మనుషులు, ఒక ఇంజను, ఒక వల. నరసింగరావు షుగరు ముదిరి పోయాడు. ఎర్రన్న మోకాళ్లు అరిగి ఒడ్డున కూర్చున్నాడు. ఇప్పుడు దాని మీద వేటకెళ్లేది ఎర్రన్న కొడుకు ఈశ్వరు, నరసింగరావు కొడుకు వెంకి. బావా బామ్మర్దులు. చిన్నప్పుడు ఒకడికి బిగుతైన చొక్కా రెండోవాడు తొడుక్కుని పెరిగినవాళ్లు.

శ్రీకూర్మం దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ నడింపేటలో పొత్తు తెప్పలకి ఒక పద్ధతి ఉంది. ఒక ఇంటి నుంచి అన్నం వెళ్తుంది, రెండో ఇంటి నుంచి కూర వెళ్తుంది. ఈ తెప్పకి అన్నం బుల్లమ్మ వంతు. కూర, వెంకి తల్లి తవిటమ్మ వంతు. నడి సముద్రంలో వల దించాక రెండూ ఒకే గిన్నెలో కలుపుకుని ఇద్దరూ తినాలి. ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో తెలియదు గానీ, కాపరానికొచ్చిన దగ్గర్నించీ బుల్లమ్మ వేట కేరేజీలో కూర పెట్టి ఎరగదు. తవిటమ్మ అన్నం పెట్టి ఎరగదు. నరసింగరావు పోయిన మూడో రోజున కూడా ఆ ఇంటి నుంచి కూర వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లెవరో వండిపెట్టారు గానీ, వచ్చింది మాత్రం ఆ ఇంటి నుంచే.

గొడవ వేట నిషేధానికి ముందు, ఆఖరి రోజుల్లో జరిగింది. అడుగున వల రాయికి పట్టేసింది. అదే సమయానికి గాలి లేచింది. వల ఒక పక్కకి లాగుతుంటే తెప్ప ఒరిగిపోతోంది, అల లోపలికి దూకుతోంది. ఈశ్వరు నడుముకున్న కత్తి తీసి తాడు కోసేశాడు. తెప్ప నిలబడింది, వల పోయింది. ఆ వల నరసింగరావు మంచం పట్టకముందు బెండ్లూ సీసపు గుళ్లూ ఒక్కొక్కటే తన చేత్తో కట్టిన వల. ఒడ్డుకి వచ్చాక, చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందూ వెంకి అన్నాడు, "ఈడు మా బావ కాడు. ఆళ్లమ్మ కొడుకు. గాలేస్తే సాలు, కత్తి తీసేస్తాడు" అని. ఈశ్వరు వాడి చొక్కా పట్టుకున్నాడు. విడదీయడానికి నలుగురు కావలసి వచ్చారు.

ఆళ్లమ్మ కొడుకు. ఆ మాట ఈశ్వరుకి ఎంత తగిలిందో గానీ, బుల్లమ్మకి మాత్రం గుండెల్లో దిగబడిపోయింది. నడింపేటలో బుల్లమ్మ భయం సంగతి తెలియనివాళ్లు లేరు. కూతురు ఝాన్సీ కాలేజీ నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే, అది నాగావళి వంతెన మీద నుంచి పడిపోయిందనే అనుకుంటుంది. గ్యాసు ఆపేశాక మళ్లీ వెళ్లి చూసి, చూసినట్టు గుర్తులేదని మళ్లీ వెళ్తుంది. ఐదో తరగతి చదివింది కాబట్టి బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్క కూడా చదువుతుంది. ఎక్కడో ఎవరో లారీ కింద పడిన వార్తే ఆ ముక్కలో దొరుకుతుంది.

సాయంత్రం ఝాన్సీ వచ్చి బ్యాగు దింపీ దింపకముందే తల్లి అడిగింది.

"రాజీ అంటే ఏటే?"

"రాజీ అంటే రాజీయేనమ్మా. కాంప్రమైజు."

"తెలీని మాటకి తెలీని మాట సెప్తావేటి? మీ తెలుగు మేడం మాటలు ఎక్కడెక్కడ పుట్టేయో సెప్తారన్నావు కదా. ఇది ఎక్కడిది?"

ఝాన్సీ కాళ్లు కడుక్కుంటూ ఆలోచించింది. "మన మాట కాదమ్మా. ఉర్దూలోంచొచ్చింది. అంతకు ముందు అరబ్బీలోదంట. ఇష్టపడ్డం, మనసొప్పడం అని అర్దం. మా క్లాసులో షబానా లేదా, టూరుకి మీ ఇంట్లో ఒప్పుకున్నారా అని అడిగితే 'మా అమ్మీ రాజీ' అంతాది. అంటే ఇష్టమేనని."

"అయితే రెండు పక్కలా మనసొప్పితేనే రాజీ."

"అంతే."

"మరి మనసొప్పకుండా సేతులు కలిపితే దాన్నేటంతారు?"

"ఆ మాట మా మేడం సెప్పనేదమ్మా" అని ఝాన్సీ టీ పెట్టుకోడానికి లోపలికి వెళ్లిపోయింది.

నిషేధం ముగిసి వేట తెరిచారు. ఆ తెల్లారగట్ల ఒడ్డంతా సందడిగా ఉంది. ఇంజన్లకి పసుపు కుంకాలు, కొబ్బరికాయలు, గంగమ్మకి దండాలు. బుల్లమ్మ అన్నం వార్చి కేరేజీలో సర్దుతుంటే ఈశ్వరు వెనక నుంచి అన్నాడు.

"కూర కూడా ఎట్టు."

బుల్లమ్మ గరిటె ఆగింది. "కూర మీ అత్త పంపుతాది కదరా."

"నా కూర నాకెట్టమంతన్నాను."

పెట్టింది. ఏం చేస్తుంది? రాత్రి మిగిలిన వంకాయ ఎండుచేపల కూర పై గిన్నెలో పెట్టి మూత బిగించింది. ఒడ్డుకి వెళ్లి చూస్తే వెంకి చేతిలో కూడా నిండు కేరేజీ ఉంది. ఇద్దరూ చెరో పక్కా భుజం ఆనించి తెప్పని నీళ్లలోకి తోస్తుంటే, లోపల రెండు కేరేజీలు ఒకదానికొకటి కొట్టుకుని ఖణేలుమన్నాయి. ఒడ్డునున్న ఆడవాళ్లు విన్నారు. బుల్లమ్మకి మాత్రం ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు.

"మాటాడుకోకపోతే ఏటవుతాదే?" అన్నాడు ఎర్రన్న ఇంటికొచ్చాక. "సేపలు పట్టడానికి కబుర్లెందుకు?"

"నువ్వే కదా అనీవోడివి మావా, సముద్రం మీద నోరే మూడో సెయ్యని. లాగు అనాల, వదులు అనాల, ఉండు అనాల. ఒకడు ముందు, ఒకడు ఎనక. మద్దిన ఇంజను మోత. నోరు ఇప్పకపోతే ఎలగ?"

"సైగలు సేసుకుంతారు."

"మొకం సూడనోడికి సైగెలగ కనపడతాది?"

ఎర్రన్న నవ్వాడు. బుల్లమ్మ భయాలకి నవ్వడం అతనికి అలవాటు. ఆవిడ భయం తనని పట్టుకోకుండా అతను వేసుకున్న అడ్డు అది.

తెప్ప మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చేపలు బాగానే పడ్డాయి. ఈశ్వరు ఇంటికొచ్చి కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడంచేత్తో నీళ్లు తాగాడు. బుల్లమ్మకి అంతకంటే ఏం కావాలి? చెయ్యి లాగి చూసింది. అరచేతిలో అడ్డంగా తోలు లేచిపోయి ఎర్రగా కమిలింది. తాడు ఒరుసుకుపోయిన గాటు.

"ఏటిరా ఇది?"

"ఏటీ నేదు. తాడు జారింది."

పసుపూ కొబ్బరినూనే రాసి గుడ్డ కట్టింది. వాడు లోపలికి వెళ్లి పడుకున్నాక ఎర్రన్న దగ్గరికొచ్చి కూర్చుంది. అతను నవ్వుతాడని ఎదురుచూసింది. నవ్వలేదు.

"ఆ గాటు సూస్తేనే తెలస్తాది. తాడు ఈడి సేతిలో ఉండగానే ఆడు ఇంజను పెంచేసేడు" అన్నాడు నెమ్మదిగా. "ఈడు 'ఉండు' అనాల. అననేదు. ఆడు 'పెంచుతన్నాను' అనాల. ఆడూ అననేదు. ఇయాల సెయ్యి."

రేపటి మాట చెప్పలేదు. చెప్పకపోయినా వినబడింది. తన భయానికి మొగుడు నవ్వకపోవడం పెళ్లయ్యాక అదే మొదలు. అప్పటిదాకా పడ్డవన్నీ భయాలే కావన్నట్టు, బుల్లమ్మకి అప్పుడు పట్టుకుంది అసలు భయం.

కొంగు నడుముకి దోపుకుని వదినగారి ఇంటికి వెళ్లింది. తవిటమ్మ శ్రీకూర్మంలో చేపలమ్మి వచ్చి, వీధిలో కూర్చుని తట్ట కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఏటి వదినా, మళ్లీ ఏదైనా కలొచ్చిందా?"

"మా ఈశ్వరు సెయ్యి కోసుకుపోనాది."

"వెంకి సెప్పేడు."

"సెప్పేడా?"

"సెప్పేడు. మొకం మాడ్సుకుని సెప్పేడు. కంచం ముందు కూకుని లేసిపోనాడు." తవిటమ్మ తట్ట బోర్లించింది. "నాను మాత్రం సంబరపడతన్నాననుకున్నావా?"

బుల్లమ్మకి కొంచెం ధైర్యం వచ్చింది. పక్కనే గొంతుకూర్చుంది. "అయితే రేపటి నించీ నువ్వు కూర పంపు, నాను అన్నం పంపుతాను. ఎప్పట్లాగ."

"నువ్వొచ్చి సెప్తే నాను పంపాలా?"

"మరేటి సెయ్యమంతావు?"

"నా మొగుడు కట్టిన వల అది. పోనీ. పేనం కన్నా వలెక్కువని నాను అన్నానా? వెంకి మాత్రం అన్నాడా? ఆ తెప్ప మీద నా కొడుకు కూడా కూకున్నాడు వదినా. 'ఒరే వెంకీ, కోసెయ్యనా' అని ఒక్క మాట అడగాల. ఆళ్లయ్య సేత్తో కట్టింది. అడిగితే ఆడు వద్దంతాడా? అడగనేదు. అదే ఆడి బాద. వల బాద కాదు."

"గాలికి..."

"గాలికి నోరు మూసుకుపోనాదా?"

బుల్లమ్మ అక్కడితో ఊరుకుంటే సరిపోయేది గానీ ఆవిడా తల్లే కదా. "మరి నలుగురిలోనూ నా కొడుకుని పిరికోడన్నట్టు అలగ అనొచ్చా?"

"అనకూడదు. అన్నాడు. మీవోడు ముందు అడక్కపోడం తప్పంతే, మావోడు తరవాత అన్నదానికి తప్పంతాడు."

"మీవోడు ముందు తప్పంతే, మావోడూ అంతాడు."

"అదిగో. అక్కడే కదా తెగనిది. మీ పెద్దలు వల గురించి మాటాడేరు గానీ దీని గురించి ఒక్కడు మాటాడేడా? రాజీ సేసింది ఆళ్లే కదా. ఆళ్లనే ఎల్లి అడుగు కూర పంపమని."

తవిటమ్మ తట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "పసుపు రాసేవా సేతికి?" అని మాత్రం అడిగింది.

ఇంటికి వచ్చేసరికి ఎర్రన్న ఝాన్సీతో అంటున్నాడు, "ఇంక పొత్తు ఇరిసీడమే దారి. తెప్ప అమ్మీసి ఎవడి దారి ఆడు సూసుకోవాల. ఇంకో నాలుగు రోజులు సూసి మాటాడతాను" అని.

తన అన్న, మొగుడు కలిసి తెచ్చుకున్న తెప్ప. బుల్లమ్మ బియ్యం కొలిచి నీళ్లు పోసింది.

"పొత్తంటే తెప్పలో వాటా అనే అనుకుంటున్నావా నాన్నా?" అంది ఝాన్సీ. "పాత పుస్తకాల్లో 'పొత్తు కుడవడం' అని ఉంటాదంట. అంటే ఒక దగ్గర కూకుని కలిసి తినడం. మొన్న క్లాసులో మేడం సెప్తే నాకు మన కేరేజీలే గుర్తొచ్చేయి."

"దానికి పుస్తకమెందుకే. తెప్పెక్కినోణ్ణి ఎవణ్ణడిగినా సెప్తాడు. సముద్రంలో మీ మావా నేనూ తిట్టుకోని రోజుందా? మజ్జాన్నం గిన్ని మూత తీసేటప్పటికి నా అన్నం ఆడికి గావాల, ఆడి కూర నాకు గావాల. ఇంకేటి కోపం?"

బుల్లమ్మ బియ్యం కడుగుతూనే ఉంది. నీళ్లు తేరిపోయి చాలాసేపైనా కడుగుతూనే ఉంది.

మర్నాడు తెల్లారగట్ల ఈశ్వరు మొహం కడుక్కుంటుంటే ఆవిడ కేరేజీ సర్దింది. అడుగు గిన్నెలో అన్నం పెట్టింది. మధ్య గిన్నెలో అన్నం పెట్టింది. పై గిన్నె చేతిలోకి తీసుకుని నిలబడిపోయింది. పొయ్యి మీద కూర ఉంది, వాడికిష్టమైన గోంగూర రొయ్యలు. ఖాళీగా పంపితే చప్పుడు తేడా వస్తుంది, వాడు కనిపెట్టేస్తాడు. దాంట్లోనూ అన్నమే పెట్టింది.

ఎంత పని చేస్తున్నానో ఆవిడకి తెలుసు. ఎండలో, ఉప్పుగాలిలో, గాయమైన చేత్తో వల లాగి లాగి వాడు ఆకలితో మూత తీస్తాడు. ఉత్త అన్నం. మింగలేడు. తినకపోతే కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగితే అంచు మీద నిలబడ్డవాడు... అక్కడి నుంచి ఆవిడ మనసు ముందుకి పోవడానికి ఎంత తొందరపడిందో, అంత గట్టిగా వెనక్కి లాగింది. ఒక ఉల్లిపాయ తీసి అన్నంలో గుచ్చింది. వెంటనే బయటికి లాగేసింది. ఉల్లిపాయుంటే వాడు దాంతోనే తినేస్తాడు. మొండివాడు. వేళ్లకంటిన నాలుగు ఉప్పు గల్లు కూడా దులిపేసుకుని మూత బిగించి కొక్కెం వేసింది.

ఈశ్వరు కేరేజీ అందుకుని, "బరువుందేటి?" అన్నాడు.

"ఆకలేస్తాదని కాస్త ఎక్కువెట్టేను" అంది. అబద్ధం కాదు. ఇద్దరికి సరిపడా పెట్టింది.

ఆ రోజు పొద్దు ఎక్కలేదు, పాకింది. ఝాన్సీ కాలేజీకి వెళ్లిపోయింది. బుల్లమ్మ గంజి కూడా ముట్టలేదు. కొడుకు నోట్లోకి పోనిది తన నోట్లోకి ఎలా పోతుంది? గాలి కొంచెం విసిరితే వీధిలోకి వచ్చింది, ఆగితే లోపలికి వెళ్లింది. మళ్లీ, గాలి ఎందుకాగిందోనని వచ్చింది. వల అల్లుకుంటున్న ఎర్రన్న చివరికి సూది దించి అడిగాడు.

"ఏటే, కాలుకాలిన పిల్లిలాగ?"

చెప్పింది. అతను నోరు తెరిచాడు. "మూడు గిన్నెల్లోనూ అన్నమేనా?"

"మూడిట్లోనూ."

"ఉప్పు గల్లు?"

"నేదు."

ఎర్రన్న ఆవిణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఆడు దగ్గితే ఆస్పత్రికి పరిగెత్తిన దానివి. ఈ పని నువ్వెలగ సేసేవే?"

"తిట్టు మావా. ఎంత గావాలంతే అంత తిట్టు."

అతను తిట్టలేదు. మళ్లీ సూది అందుకున్నాడు గానీ, వలలో రెండు కళ్లు తప్పు అల్లి విప్పుకున్నాడు.

మధ్యాహ్నమయ్యింది. మిగిలిన తెప్పలు ఒక్కొక్కటే వచ్చేశాయి. తమది రాలేదు. బుల్లమ్మ ఒడ్డుకి పోయింది. తవిటమ్మ అప్పటికే తట్ట పక్కన పెట్టుకుని, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూస్తోంది. బుల్లమ్మ వెళ్లి పక్కన నిలబడింది. దాచుకునే ఓపిక లేకపోయింది.

"వదినా, ఇయాల మావోడికి ఒట్టన్నం కట్టేను. కూర నేదు."

తవిటమ్మ ఇటు తిరిగింది. "బియ్యం తప్ప ఇంట్లో ఏటీ నేకపోనాదా?"

"ఉన్నాది. గోంగూర రొయ్యలుండేయి. పెట్టనేదు."

అర్థం కావడానికి తవిటమ్మకి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. "అంటే ఏటి? నా కొడుకు పులుసోసుకుని తింతాంటే నీ కొడుకు సూస్తూ కూకోవాలా? పక్కనోడు ఒట్టన్నం మింగుతాంటే సూస్తూ తినీసే రకం అనుకున్నావా నా కొడుకుని?"

"కాదనే పంపేను" అంది బుల్లమ్మ.

తవిటమ్మ మళ్లీ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుంది. సముద్రం వైపు తిరిగింది. చాలాసేపయ్యాక, తనలో తను అనుకున్నట్టు, "కవ్వళ్ల సేపల పులుసెట్టేను. ఇద్దరికీ సరిపోతాది" అంది.

తెప్ప మీద ఎవరెక్కడున్నారో ఆనకముందే గొంతులు వినబడ్డాయి. అల మీద నుంచి తేలుతూ వచ్చిన అరుపులు. తెప్ప ముందు నిలబడి వెంకి అరుస్తున్నాడు, వెనక ఇంజను దగ్గర నుంచి ఈశ్వరు అరుస్తున్నాడు.

"ఆపు, ఆపరా. ఎనకాల అల వస్తన్నాది. కళ్లు నెత్తికెక్కేయా?"

"నాకు తెల్సు. నువ్వు నోరు మూసుకుని తాడట్టుకో."

"నాను నోరు మూసుకుంతే నువ్వు ఈపాటికి ఒరిస్సాలో తేలుదువు."

ఒడ్డున వలలు విదిలించుకుంటున్నవాళ్లు తలలెత్తారు. "మళ్లీ మొదలెట్టేసేరు" అన్నాడు ఒకడు. పెద్దల్లో ఒకాయన, చేతులు కలిపించినాయనే, తువ్వాలు భుజాన వేసుకుని గబగబా వచ్చాడు. బుల్లమ్మ మాత్రం ఉన్నచోటే తడి ఇసకలో కూలబడిపోయింది. భయపడిందేమోనని తవిటమ్మ భుజం పట్టుకుంది.

"అరుసుకుంతన్నారు వదినా" అంది బుల్లమ్మ. కళ్లల్లో నీళ్లు. "ఇన్నావా, అరుసుకుంతన్నారు."

తెప్ప ఇసకెక్కింది. వెంకి దూకి, పెద్దాయన్ని దాటుకుని నేరుగా బుల్లమ్మ ముందుకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఈశ్వరు కేరేజీ ఉంది.

"అత్తా, ఏటిది? ఉప్పు నేదు, మెరపకాయ నేదు. ఆడితో నీకేదైనా తగువా?"

"తిన్నాడా?" అంది బుల్లమ్మ.

"తిన్నాడా అంతావేటి. నా పులుసంతా ఊడ్సేసింది ఆడే."

"ఎలాగయ్యిందో సరిగ్గా సెప్పరా" అంది తవిటమ్మ.

"ఎలగేటి? మూత తీసేడు. అన్నం. ఆ గిన్ని తీసేడు. అన్నం. అడుగుదీ తీసేడు. అలగ సూస్తా ఉండిపోనాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వనేదు. ముద్ద నోట్లో ఎట్టుకున్నాడు, దిగట్నేదు. నీల్లు తాగేడు. మళ్లీ ముద్ద. నాను అటు తిరిగి కూకున్నాను."

"నువ్వు ఎయ్యనేదా?" అంది తవిటమ్మ.

"అడగందే నానెందుకేస్తాను?"

అప్పటికి ఈశ్వరు ఇంజను పైకెత్తి తాళ్లు చుట్టి దగ్గరికి వచ్చాడు. తల్లి మొహంలోకి చూడలేదు. "అడిగేను" అన్నాడు.

"ఏటని అడిగేవురా?" అంది తవిటమ్మ.

"'వెంకీ, కొంచెం పులుసెయ్యరా' అని."

వెంకి కేరేజీ ఇసకలో పెట్టాడు. "అప్పుడు నాకు ఒల్లు మండిపోనాది. నోరుందేటి నీకు, ఆ రోజు ఎక్కడెట్టేవు అన్నాను. మా అయ్య వల కోసినప్పుడు ఇంతే మాట కదా, 'వెంకీ' అని పిలిస్తే సాలు కదా అన్నాను. పులుసు ఏస్తూనే అన్నాను." కాస్త ఆగాడు. "దానికి ఈడేటన్నాడో తెల్సా? నువ్వు వద్దంతావని కాదురా, నువ్వు ఊఁ అనేముందు మావని తలుసుకుని ఏడుస్తావు, అంత టైము నేదు అనుకున్నాను అన్నాడు."

"అలగే అనుకున్నాను" అన్నాడు ఈశ్వరు.

"ఇనండి. నన్ను అడగడు, నా ఏడుపు కూడా ఆడే అనీసుకుంతాడు. అప్పట్నించీ తిడతన్నాను. వల దించీసి లాగడం మర్సిపోనాం ఇద్దరవీఁ. అందుకే ఆలస్యం."

"ఈడు కూడా ఒకటన్నాడు" అన్నాడు ఈశ్వరు గుడ్డ కట్టిన అరచెయ్యి చూసుకుంటూ. "సెప్పరా. అక్కడన్నది ఇక్కడ కూడా సెప్పు."

వెంకి మెడ గోక్కున్నాడు. ఒడ్డున ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ రోజు విన్నవాళ్లే. "ఆళ్లమ్మ కొడుకన్నాను కదా. అన్నాను. ఇలగ ఉప్పు గల్లు ఎయ్యకుండా కూడు కట్టి సముద్రానికి పంపిన తల్లికి కొడుకంతే, ఆడు పిరికోడెలగవుతాడు? ఆ మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను" అన్నాడు గట్టిగా. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

పెద్దాయనకి ఏమీ బోధపడలేదు. "ఏటిరా ఈ రబస? మొన్నే కదా రాజీ అయిపోనాది?"

అప్పుడే కుంటుకుంటూ వచ్చిన ఎర్రన్న ఆయన భుజం మీద చెయ్యేశాడు. "అది మీది బాబూ. ఆళ్లది ఇప్పుడవుతన్నాది" అన్నాడు.

తవిటమ్మ చేపలు తట్టలో పోయించుకుంది. తలకెత్తుకోబోతూ ఆగి, బుల్లమ్మని చూడకుండానే చెప్పింది.

"వదినా, రేపు అన్నం కొంచెం మెత్తగా వొండు. మావోడికి పలుకన్నం పడదు. అరుగుదల నేదు ఎదవకి."

"ఒండుతాను" అంది బుల్లమ్మ.

"కూర సంగతి నువ్వు పట్టించుకోకు."

"పట్టించుకోను."

ఇంటికి పోతుంటే ఈశ్వరు తల్లి వెనక నడుస్తున్నాడు. వాడి చేతిలో కడిగేసిన కేరేజీ తేలిగ్గా ఊగుతోంది. తిడతాడేమోనని ఆవిడ చూస్తోంది. కొంతదూరం పోయాక వాడు, "గోంగూర రొయ్యలు ఉన్నాయా, అయిపోనాయా?" అన్నాడు.

"నీకే దాసేను."

"వెంకీని కూడా రమ్మన్నాను."

బుల్లమ్మ తల ఊపింది. ఈ రెండు నెలల్లో మొదటిసారిగా గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా ఇంటిదాకా నడిచింది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఏదో గుర్తొచ్చి గబుక్కున ఆగిపోయింది. మొహం మళ్లీ ఎప్పటిలా అయిపోయింది.

"ఒరే ఈశ్వరూ, కవ్వళ్ల పులుసని కదా అన్నాది మీ అత్త? ఆకలి మీద గబగబా తినీసుంటావు. ఏదీ నోరు తెరు, గొంతులో ముల్లేటీ దిగబళ్లేదు కదా?"